నీళ్ల బటన్

“ఏం బావా, నోట్లో బొమ్మిడాయి చేపని దాచుకున్నావా? పలకవేందయ్యా!”

పక్షవాతంతో మాట పడిపోయిన తిరుపాలు నోట్లో బావమరిది పోలేరయ్య చిటికెడు ఎండుచేపల కారం కుక్కాడు.

వంకరపోయిన తిరుపాలు పిడికిలికి ఫోను స్క్రీను లొంగలేదు. అందుకే కూతురు సుభాషిణి నాలుగు పెద్ద బటన్లున్న డబ్బాను ఫోనుకు కలిపి, దానికి తనే యాప్ రాసింది. నీళ్లు, అన్నం లాంటి మాటల్లో దేని బటన్ నొక్కితే ఆ మాట ఫోను పలుకుతుంది. పొద్దున ఆమె చూడనప్పుడు పోలేరయ్య నీళ్ల బటన్‌లో తన గొంతు ఎక్కించాడు. ఇప్పుడా తమాషా వినడానికే వచ్చాడు.

కారానికి తిరుపాలు కళ్లు ధారలు కట్టాయి. పిడికిలి నీళ్ల బటన్ దాకా వచ్చి ఆగింది. మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయింది.

“నొక్కు బావా, సిగ్గెందుకు?”

“అది చెడిపోయినట్టుంది మామా,” అంది సుభాషిణి. “పొద్దున నాయన ఒకసారి నొక్కితే ఏదో మోగింది, దొడ్లో ఉండి సరిగ్గా వినలా. అప్పట్నుంచి నాయన దాన్ని తాకలా. పెదాలు పగిలినా నీళ్లడగలా.”

తనే నొక్కి చూసింది. పోలేరయ్య గొంతు ఇల్లంతా మోగింది.

“మా పోలేరయ్య లాంటి బావమరిది ఎవురికీ ఉండడు! వాడంటే నాకు ప్రాణం!”

పోలేరయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. తోడు ఎవరూ నవ్వలేదు.

సుభాషిణి తండ్రికి నీళ్లు పట్టించి, మూతి తుడిచింది.

“బటన్ బాగానే ఉంది మామా. ఆ మాట అనడానికి మనసొప్పకే నాయన పొద్దుట్నుంచి దప్పికతో ఉండాడు.”