దెప్పుల పెట్టె

అయినా ఉక్కుకి సిగ్గుండదు కదా, అనుకున్నాడు పైడిరాజు పొయ్యి మీది వంకాయ పులుసు కలుపుతూ. అతను పనిచేసే కార్ఖానాలో బస్సు స్ప్రింగుల మీద సన్నటి ఉక్కు గుళ్లు వానలా కొడతారు. ఆ దెబ్బలకి పైపొర బిగుసుకుని, ఎన్ని గతుకుల్లో పడినా స్ప్రింగు త్వరగా పగలదు. మనుషులకీ అదే మంచిదని, రోజూ దెప్పి దెప్పి మనసుని గట్టిపరిచే దెప్పుల పెట్టెలు ఇప్పుడు ఇంటింటా వచ్చాయి.

"పైడిరాజూ, నీ మీసం అరిగిన చీపురులా ఉంది," అంది పెట్టె. "నూకాలూ, నీ గురక వీధి చివరిదాకా వినపడింది."

అతని భార్య నూకాలు రెప్ప కూడా వేయలేదు. పెట్టె కొన్న కొత్తలో ఇద్దరూ ఉడుక్కున్నారు, తర్వాత నవ్వుకున్నారు. ఇప్పుడామెకి కోపం రాదు, నవ్వూ రాదు.

ఆమె అరచేతిలో రెండు చుక్కల పులుసు వేశాడు. "ఎలాగుందే?"

"బాగుంది."

"నిన్నటిదో?"

"అదీ బాగుంది."

ఒకప్పుడైతే, "ఇది పులుసేటి, కుడితేటి? మీయమ్మ ఇదేనేటి నేర్పింది?" అంటూ గరిటె లాక్కునేది. ఆ తిట్ల కోసమే తను వంట నేర్చుకున్నాడేమో.

గుళ్లు మరీ ఎక్కువసేపు కొడితే పైపొరే పెచ్చులూడి, పగులు అక్కడే మొదలవుతుందని కార్ఖానాలో మేస్త్రీ రోజూ అరుస్తాడు. పెట్టెలు చేసినవాళ్లకి అలా అరిచే మేస్త్రీ లేడు కాబోలు.

"పైడిరాజూ, నీ బొజ్జ..." అని మళ్లీ మొదలెట్టింది పెట్టె.

అతను దాని తీగ పీకేశాడు. పులుసులో గుప్పెడు ఉప్పు పోసి, బాగా కలిపి, నూకాలు కంచంలో వడ్డించాడు.