శాలువా పచ్చడి

ఇంట్లో యంత్రాలన్నీ నోటితో పలికే తెలుగు ప్రోగ్రామింగ్ భాషకే లొంగే రోజులవి. ఆ భాషకు ఆజ్ఞాపదాలు ఏరిపెట్టిన మహానుభావుడు సువర్చల మొగుడు అనంతాచారి. ‘ఆపు’ అంటే చాలదా అని ఆమె అడిగితే, "అది బండివాళ్ల మాటే!" అని ఈసడించి, ‘విరమింపుము’ ఖాయం చేశాడు. పాలు పొంగినా, కుళాయి పొర్లినా ఊరందరికీ ఇక అదే గతి. ఆ ఘనకార్యానికి సన్మానం కూడా చేయించుకున్నాడు.

సన్మానపు శాలువాతోనే వంటింట్లోకొచ్చి, గ్రైండర్‌లో నలుగుతున్న గోంగూర పచ్చడి రుచి చూడబోయాడు. శాలువా అంచు రాళ్ల మధ్య చిక్కుకుంది.

"ఆపు! ఆపు!" అని గావుకేకలు పెట్టాడు. గ్రైండర్ తన మానాన తాను తిరుగుతూనే ఉంది.

"అది బండివాళ్ల మాట కదండీ," అంది సువర్చల.

జరీ అంతా పచ్చడిలో కలిసేదాకా చూసి, అప్పుడు తీరిగ్గా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, "విరమింపుము" అంది.