మెషిన్ మింగిన కార్డు

రోప్‌వే టిక్కెట్లకు నోట్లే ఇవ్వాలన్నారు. పరాయి దేశమైనా మన బ్యాంకు కార్డు పనిచేస్తుందంటూ వీధి మలుపులోని ఏటీఎంకి వెళ్ళిన భర్త, అంతలోనే చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు.

"కొంప మునిగిందే! కార్డుని మెషిన్ మింగేసింది."

"అయ్యో, మొత్తంగానా?"

"గుటుక్కున! ఇక రోప్‌వే ఎక్కే యోగం మనకి లేదు." మొహం దిగాలుగానే పెట్టాడు కానీ, గొంతులో హుషారు దాగలేదు.

భార్య తలెత్తి చూసింది. లోయ మీద తీగకు వేలాడే పెట్టె గాలికి ఊగుతోంది. బయలుదేరే ముందు చుట్టాలందరి దగ్గరా "కొండ కొసదాకా వెళ్తాం" అని ఇద్దరూ తెగ కోతలు కోశారు. ఊరికే వెనక్కి తగ్గితే పరువు పోతుంది.

ఆయన పల్చటి చొక్కా జేబులోంచి కార్డు నీలంగా కనిపిస్తూనే ఉంది.

"బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపేయమందామా?"

"ఇప్పుడెందుకూ!" ఆయన కంగారుపడ్డాడు. "ఊరెళ్ళాక చూద్దాంలే."

"పోనీలెండి, మీ తప్పేముంది? అందరికీ ఇదే చెబుదాం. పదండి, కాఫీ తాగుదాం. నా దగ్గర చిల్లరుంది."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ నవ్వాపుకుంది.

ఆయన జేబులో ఉన్నది నిరుడే గడువు తీరిన కార్డు. మెషిన్ ఎలాగూ కాదంటుందని పొద్దున ఆవిడే ఏరి ఇచ్చింది. పనిచేసే కార్డు ఆవిడ సంచి అడుగున, మేజోళ్ళలో భద్రంగా ఉంది. ఈయన మెషిన్ దాకా కూడా వెళ్ళలేదని తెలిశాక, తనకంటే పిరికివాడు దొరికినందుకు, మొగుడి మీద ఆవిడకి చాన్నాళ్ళకి ముద్దొచ్చింది.