సప్పుడు లేని ఇల్లు

మత్తయ్య నవ్వుతున్నాడు.

బండల లారీ పక్కన నిలబడి మార్త అలాగే చూస్తుండిపోయింది. చేతిలో అతని కోసం తెచ్చిన టిఫిన్ డబ్బా ఉంది. వికారాబాద్ ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో ఆ మనిషి ఒక్కసారి నవ్వలేదు. ఇక్కడ, అతను పనిచేసే తాండూరు బండల పాలిష్ కార్ఖానా ఎదుట, నాగరాణి చాయ్ హోటల్లో గ్లాసు పట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. నాగరాణి ఏదో చెబుతోంది. అతను ఆమె మొహంలోకి చూస్తూ వింటున్నాడు.

డబ్బా ఇవ్వకుండానే మార్త ఇంటికి తిరిగొచ్చేసింది.

మామూలు మందులకు లొంగని క్షయ అని మత్తయ్యకు నెలల తరబడి సూదులు వేశారు. రోగం పోయింది. చెవుల్లో హోరు మిగిలింది. అది సూదుల వల్ల వచ్చిందని, ఇక తగ్గకపోవచ్చని డాక్టరు చెప్పాడు. హోరు వెంట భయం వచ్చింది, భయం వెంట దిగులు. కూర్చున్నవాడికి కూర్చున్నట్టే చెమటలు పట్టేవి. నిద్ర ఉండేది కాదు. మార్త పక్కనే కూర్చుని, వీపు నిమురుతూ, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. అతను ఉన్నట్టుండి లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఎక్కడికి వెళ్తున్నాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

సాయంత్రం మత్తయ్య రాగానే పొయ్యి దగ్గర నుంచే అడిగింది.

"ఆమెతోని ఏం నవ్వులు నీకు?"

మత్తయ్య చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. "ఆకలైతలేదు," అన్నాడు.

"నేనడిగేది అన్నం ముచ్చట కాదు."

అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఏముంది ఆమె దగ్గర, అని మార్త రాత్రంతా మథనపడింది. నాగరాణి తనకంటే పెద్దది. మనిషి మోటు, మగవాడిలాంటి గొంతు. తనదేమో సన్నని గొంతు. చర్చిలో తను పాట ఎత్తుకుంటే కదలకుండా వినేవాళ్లు. ఆ పాట విని మనసుపడే మత్తయ్య తనను పెళ్లికి అడిగాడు.

మర్నాడు అల్లం దంచి, యాలకులు వేసి, హోటల్లో లాగా చాయ్ పెట్టింది. కొత్త గాజులు వేసుకుంది. మత్తయ్య చాయ్ మొత్తం తాగాడు. "మంచిగున్నది," అని ఆమె చెయ్యి నిమిరాడు. అయినా హోటల్‌కే వెళ్లాడు.

ఆదివారం చర్చిలో మార్త పాట అందుకుంది. రెండో చరణం పూర్తికాకముందే మత్తయ్య తల దించుకుని బయటికి నడిచాడు. అందరూ చూశారు. ఆమెకు తర్వాతి మాటలు గుర్తు రాలేదు.

సోమవారం పొద్దున్నే మార్త హోటల్‌కు వెళ్లింది.

"నా మొగడు నీ కాడికెందుకొస్తుండు?"

నాగరాణి గ్లాసులు కడుగుతూనే ఉంది. "చాయ్ తాగనీకి."

"నా ఇంట్ల చాయ్ లేదా?"

నాగరాణి చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చింది. "భయమైనప్పుడు ఉరికొస్తడు చెల్లె. చేతులు వణుకుతుంటయి. నేను నోటికొచ్చింది చెప్త. గిరాకీల ముచ్చట, మా అత్త ముచ్చట. వినుకుంట వినుకుంట నిమ్మళమైతడు. ఎవలన్న మాట్లాడుతుంటే చెవులల్ల హోరు జర తగ్గినట్టు అనిపిస్తదంట. సప్పుడు లేని కాడ ఒక్కడివే కూసోకని వికారాబాద్ డాక్టర్ గూడ చెప్పిండంట."

"మరి ఇంట్ల ఎందుకు కూసోడు?"

నాగరాణి గొంతు తగ్గించి చెప్పింది.

"ఇంట్ల సప్పుడే లేదంటడు."

మార్తకు ఒళ్లు మండిపోయింది. పొద్దున లేచింది మొదలు అతని వెంట పడి మాట్లాడేది తను. భయపడకు, నేనున్న కదా అని నోరు నొప్పి పుట్టేదాకా చెప్పేది తను. ఈమె అత్త ముచ్చట్లు అతనికి మందు. తన మాటలు సప్పుడు కింద కూడా లెక్క కాదు.

ఇంటికెళ్లి నాలుగు చీరలు సంచిలో కుక్కుకుంది. కొడంగల్‌లోని తల్లిగారింటికి బయల్దేరింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుందో లేదో, మత్తయ్య ఉరుక్కుంటూ వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

"జర ఆపన్నా," అన్నాడు కండక్టర్‌తో.

"తొందరగ మాట్లాడుకోండి. టైమైంది," అన్నాడు కండక్టర్.

"అట్లనే అన్నా." మత్తయ్య కిటికీ దగ్గరికొచ్చి ఊచ పట్టుకున్నాడు.

మార్త అతని వైపు తిరగలేదు. "నాగరాణి కాడికే పో. ఆమె ముచ్చట్లే నీకు కావాలె. నేను ఇన్ని దినాలు నోరు నొయ్యంగ ఒర్రింది ఎవలికి?" అంది. మాట పూర్తవకముందే ఏడుపొచ్చింది.

"ఏడ్వకు," అన్నాడు మత్తయ్య. "నన్ను ఇడిసిపెట్టి పోతున్నవ్. గంతవరకు సమజైంది."

"ఎందుకు పోతున్ననో సమజ్ కాలేదా?"

అతను మొహం ఊచకు ఆనించి తనే మొదలుపెట్టాడు.

"చెప్పాలనే ఉండె. చెప్తే నువ్వు పాట బంద్ జేస్తవేమోనని భయమైంది. ముందుగాల పిట్టల సప్పుడు పోయింది. ఎన్క ఫోన్ మోగుడు పోయింది. సన్న సప్పుళ్లు పోతయి, మోటువి ఉంటయి అని డాక్టర్ చెప్పిండు. నాగరాణి మాట వినబడ్తది. గా కండక్టర్ మాట గూడ వినబడ్తది."

మార్త గబుక్కున ఇటు తిరిగింది. ఏదో అంది. ఆమె పెదవుల వైపు చూస్తూ మత్తయ్య తల అడ్డంగా ఊపాడు.

"నీ గొంతొక్కటే వినబడ్తలేదు."