సప్పుడు లేని డబ్బా

“చూడు యోబూ, మల్ల బంద్ పడ్డది!” కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా బస్సులో వచ్చిన కంప్యూటర్ మెకానిక్‌కు ఫొటోగ్రాఫర్ తిరుపతి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. “పొద్దుగూకేవరకు పెళ్లి ఆల్బమ్ పంపాలె. చల్లగుంటది, సప్పుడు రాదని ఈ కొత్త సీపీయూ డబ్బా నువ్వే అంటగట్టినవ్!”

యోబు డబ్బా విప్పి, గంటసేపు నడిపి చూశాడు. మూడు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. వెనక చెయ్యి పెడితే చల్లటి గాలే తగిలింది.

“డబ్బాల తప్పు లేదన్నా.”

“మరి నేను బయటికి పోంగనే ఎందుకు ఆగుతది? మూడు రోజులసంది గిదే లొల్లి!”

“అయితే పని పెట్టి బయటికే పోదాం పా.”

ఆల్బమ్ తయారీకి పెట్టి, తిరుపతి రోజూ చేసినట్టే స్క్రీన్ మాత్రం ఆపి, ఇద్దరూ వాకిట్లో చాయ్ తాగారు. తిరిగొచ్చేసరికి తిరుపతి తల్లి మంగవ్వ డబ్బా మీద బొంత కప్పుతోంది. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల దుమ్ము గదంతా పరుచుకుంది.

“అయ్యో అవ్వా! నడిచేదాని మీద కప్పుతవా? గాలాడక ఉడికి ఆగుతది!” యోబు బొంత లాగేశాడు.

“నడుస్తున్నదా? పాతది గిర్నిలెక్క మొత్తుకుంటుండె. దుమ్ము పడొద్దని ఆగినంకనే కప్పుతుంటి. గిది కుయ్యనదు, కయ్యనదు. నాకేమెరుక?”

తిరుపతి నుదురు కొట్టుకున్నాడు. “రోజూ బొంత చూస్తనే ఉన్న, ఆగినంక కప్పినవనుకున్న! పాతదాని సప్పుడుకు నీకు పగటిపూట కన్ను మూతపడతలేదనే గద అవ్వా, గిది కొన్న!”

మంగవ్వ బొంత అందుకుని మడతపెట్టింది.

సప్పుడు రావని ఏరికోరి తెచ్చిన మూడు ఫ్యాన్లలో ఒకదాన్ని యోబు విప్పసాగాడు.

“అన్నా, గా మొత్తుకునే పాత ఫ్యాను ఉన్నదా, పారేసినవా?”