చలిదేశం వెళ్లొచ్చిన బల్లి

వంటింటి గోడమీద ఉండే గోడేశం అనే బల్లికి ఒకటే బెంగ, ఈ దీపం చుట్టూ తిరగడంతోనే తన బతుకు తెల్లారిపోతోందని. నిజానికి ఆ ఇంట్లో వాడికి గొప్ప మర్యాద ఉండేది. ఎవరేమన్నా, వెంటనే వాడు పలికితే చాలు, "బల్లి పలికింది, నిజమే!" అని ఇంటిల్లిపాదీ వేళ్లతో నేల తట్టి నమ్మేసేవారు. ఆ మర్యాద వాడి కంటికి ఆనలేదు.

ఒకరోజు చలిదేశం వెళ్తున్న చుట్టం పెట్టెలో అప్పడాల కట్టతోపాటు దూరి తనూ వెళ్లిపోయాడు. ఆర్నెల్లకు అదే పెట్టెలో, పొట్ట వెన్నుకంటుకుపోయి తిరిగొచ్చాడు.

"ఎలా ఉందిరా అక్కడ?" అని అడిగింది దూలం మీది మామ్మ బల్లి.

"స్వర్గమనుకో మామ్మా! ఒక్కో పురుగూ గారెంత!" అని ఆగి, ఎవరైనా పలుకుతారేమోనని చుట్టూ చూశాడు. ఒక్క బల్లీ పలకలేదు. పోనీ తనే పలుకుదామని నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు. ఎంతైనా బల్లి పుట్టుక, అబద్ధానికి పలకడం చేతకాదు.

"మరి అక్కడ నువ్వు పలికితే ఏమనేవారురా?"

గోడేశం తల వేలాడేశాడు. "పొగొస్తే కూసే గంట ఒకటుంటుంది ఇంటికప్పుకి, దాని బ్యాటరీ అయిపోయి టిక్కుమంటోందనుకునేవారు మామ్మా. పలికినప్పుడల్లా నిచ్చెనేసుకుని కొత్తది మార్చేవారు."

ఆ మాటకు గోడమీది బల్లులన్నీ ఒక్కసారిగా పలికాయి.

సరిగ్గా అప్పుడే కింద ఇంటాయన, "పైదేశం పోతేనే మన బతుకులు బాగుపడతాయే" అంటున్నాడు.

"విన్నారా, ఇన్ని బల్లులు పలికాయి!" అని ఇంటావిడ నేల తట్టి, అటకమీంచి పెట్టె దింపింది.