పన్నెండేళ్ల పథ్యం

ఆయన పోయి నాలుగేళ్లయినా, కడుపు మాడ్చి పంపానేమోనన్న అనుమానం నన్ను వదల్లేదు. చక్కెర వ్యాధి అని పన్నెండేళ్లు తెల్లన్నం పెట్టలేదు. ఇద్దరం బార్లీ అన్నమే తిన్నాం.

ఈసారి తద్దినానికి ఆయన పటం ముందు మా ఆచారం ప్రకారం అన్నం గిన్నెలో చెంచా నిలబెడుతుంటే, మా ఆడబిడ్డ సున్‌నే వదిన కసిరింది.

“బార్లీయా! పోయినవాడికి కూడా షుగరేనా?”

“అలవాటు, వదినా. ఆయన ఒక్కరోజూ చప్పగా ఉందనలేదు.”

“ఎందుకంటాడే? ప్రతి ఆదివారం మా ఇంట్లో రెండు గిన్నెల తెల్లన్నం లాగించేవాడు.”

చెంచా కింద పెట్టేశాను.

“అయితే పన్నెండేళ్లూ పథ్యం చేసింది నేనొక్కదాన్నేనా?”

“వాడూ అదే చెప్పి ఏడ్చేవాడు. ‘నా జబ్బుకి అది నోరు కట్టుకుందక్కా. నా బదులు ఒక్క పూట దానికి తెల్లన్నం పెట్టు’ అన్నాడు. వాడికి వండిపెట్టింది నేనే కదా, నీకు చెప్పడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదు.”

వదిన తెల్లన్నం వండింది. ఒక గిన్నె పటం ముందుంచింది. దండాలు పెట్టడం అయ్యాక రెండోది నా ముందు పెట్టింది.

“తిను. మా తమ్ముడి బాకీ.”

కిమ్చీ పచ్చడి కూడా నంజుకోకుండా గిన్నె ఖాళీ చేశాను.